మనిషి నడక, ఇంజనీర్ల కొలత

నిలబడటం, నడవటం, మెట్లెక్కటం, చెయ్యి చాపి అందుకోవటం వంటి కదలికలను బలాలుగా, కోణాలుగా, ఖర్చయ్యే శక్తిగా కొలిచి, ఆ కొలతల ఆధారంగా చికిత్సలనూ సాధనాలనూ తయారుచేసే శాస్త్రం చలన, పునరావాస ఇంజనీరింగ్. బయోమెకానిక్స్ దీనికి పునాది. ఎముకల వైద్యులు, ఫిజియోథెరపిస్టులు, మెకానికల్ ఇంజనీర్లు, నాడీ శాస్త్రవేత్తలు, కంప్యూటర్ నిపుణులు ఇందులో కలిసి పనిచేస్తారు. కృత్రిమ కాళ్లు, కాలిపర్లు, చక్రాల కుర్చీలు, పక్షవాతం వచ్చిన చేతికి కసరత్తు చేయించే రోబోలు, ఒంటికి తొడుక్కునే ఎక్సోస్కెలిటన్లు, వెన్నుపాముకు విద్యుత్ ప్రేరణ ఇచ్చే పరికరాలు ఈ శాస్త్రం నుంచి వచ్చినవే.

ఈ రంగం మూడున్నర శతాబ్దాలుగా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతోంది. శరీరం ఎలా కదులుతుంది? ఈ మనిషి ఎక్కడికి వెళ్లాలి? మొదటిదానికి జవాబు ప్రయోగశాలలో దొరుకుతుంది. రెండోది ఇంటి గడప దగ్గర, పొలం గట్టు మీద, బస్సు మెట్టు దగ్గర తేలాలి. ఈ రంగం చరిత్రలో నిలబడ్డ సాధనాలు చాలావరకు ఈ రెండు జవాబులూ కలిసిన చోట పుట్టినవి.

ఒక అడుగులో ఏముంది

ఒక మడమ నేలకు ఆనిన క్షణం నుంచి అదే మడమ మళ్లీ ఆనేదాకా జరిగేదాన్ని నడక చక్రం అంటారు. ఆరోగ్యవంతులు మామూలు వేగంతో నడుస్తున్నప్పుడు ఈ చక్రంలో దాదాపు 60 శాతం సేపు ఆ పాదం నేల మీద ఉంటుంది, 40 శాతం సేపు గాలిలో ముందుకు ఊగుతుంది. చక్రంలో రెండుసార్లు, ఒక్కోసారి సుమారు 10 శాతం సేపు, రెండు పాదాలూ నేల మీదే ఉంటాయి. పరుగులో ఈ జంట ఆధారం ఉండదు. నడక ఎక్కడ ముగిసి పరుగు ఎక్కడ మొదలైందో చెప్పడానికి శాస్త్రవేత్తలు మొదట చూసేది దీన్నే.

పాదం నేలను నొక్కినంత బలంతోనే నేల పాదాన్ని తిరిగి నెడుతుంది. ఆ ప్రతిచర్యా బలాన్ని గ్రాఫు గీస్తే నడుమ పల్లం ఉన్న రెండు మిట్టలు కనిపిస్తాయి. మొదటిది ఒంటి బరువు పాదం మీదికి వచ్చి పడినప్పటిది. రెండోది పిక్క కండరం బిగిసి, మునివేళ్లు నేలను వెనక్కి తోసినప్పటిది. రెండు మిట్టలూ ఒంటి బరువు కంటే కాస్త ఎక్కువే, సుమారు 1.1 నుంచి 1.2 రెట్లు. కీలు లోపల పడే బలం ఇంతకంటే చాలా ఎక్కువ, ఎందుకంటే చుట్టూ ఉన్న కండరాలు కూడా ఆ కీలును బిగించి లాగుతుంటాయి. బెర్లిన్‌లో గియోర్గ్ బెర్గ్‌మన్ బృందం బలాన్ని కొలిచే పరికరాలు ఇమిడ్చిన కృత్రిమ తుంటి కీళ్లను రోగులకు అమర్చి చూసింది. తీరిగ్గా నడిచేటప్పుడు కూడా తుంటి కీలు మీద ఒంటి బరువుకు దాదాపు రెండున్నర రెట్ల బలం పడుతోందని, కాలు తడబడితే అది ఎన్నో రెట్లు పెరుగుతోందని తేలింది. కృత్రిమ కీళ్ల తయారీదారులకు ఈ కొలతలు నేటికీ ప్రమాణం.

నడక వేగానికీ ఖర్చయ్యే శక్తికీ మధ్య ఒక తీరైన సంబంధం ఉంది. మరీ నెమ్మదిగా నడిచినా, మరీ వేగంగా నడిచినా కిలోమీటరుకు ఖర్చయ్యే శక్తి పెరుగుతుంది. గంటకు నాలుగున్నర, అయిదు కిలోమీటర్ల వేగం దగ్గర అది అతి తక్కువ. ఎవరూ నేర్పకుండానే మనిషి అటూ ఇటూగా ఆ వేగంతోనే నడుస్తాడు. వయసు మళ్లినవారిలో ఈ వేగం ఆరోగ్యానికి గుర్తు కూడా. 34,485 మంది వృద్ధుల వివరాలను కలిపి స్టెఫానీ స్టూడెన్‌స్కీ బృందం 2011లో ప్రచురించిన విశ్లేషణలో, నడక వేగం ఎక్కువ ఉన్నవారు ఎక్కువ కాలం జీవించినట్టు కనిపించింది. అందుకే ఈనాడు వృద్ధుల వైద్యంలో నాలుగు మీటర్ల దూరం నడిపించి గడియారం చూడటం ఒక పరీక్షగా స్థిరపడింది.

బొరెల్లీ నుంచి బర్కిలీ దాకా

శరీరాన్ని లివర్ల సముదాయంగా చూసి లెక్కలు కట్టిన తొలి శాస్త్రవేత్తల్లో ఇటలీకి చెందిన జియోవాన్నీ అల్ఫోన్సో బొరెల్లీ ముఖ్యులు. ఆయన మరణానంతరం 1680, 1681లలో వెలువడిన గ్రంథం జంతువుల చలనం గురించినది. కండరం కీలుకు బాగా దగ్గరగా అతుక్కుని ఉంటుంది కాబట్టి, చేత్తో ఎత్తే బరువు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బలం కండరం వెయ్యాల్సి వస్తుందని ఆయన చూపారు. మనిషిని పలక మీద పడుకోబెట్టి, ఆ పలకను సన్నని ఆధారం మీద తూచి, ఒంటి గురుత్వ కేంద్రం ఎక్కడుందో వెతికారు.

కన్ను పట్టలేని వేగాన్ని కెమెరా పట్టింది. 1878లో ఎడ్‌వియర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో తీసి, దాని నాలుగు కాళ్లూ ఒకేసారి నేలను వదిలే క్షణం ఉందని రుజువు చేశారు. 1887లో ఆయన మనుషుల, జంతువుల కదలికలతో 781 ఫలకాల సంపుటి వెలువరించారు. పారిస్‌లో ఎతియెన్ జూల్ మారే ఇంకో దారి పట్టారు. పాదం ఎప్పుడు ఆనింది, ఎప్పుడు లేచింది అన్నది నమోదు చేయడానికి గాలి గదులున్న బూట్లు తయారుచేశారు. తర్వాత మనుషులకు నల్లని దుస్తులు తొడిగి, చేతుల మీద, కాళ్ల మీద తెల్లని గీతలు అతికించి, ఒకే ఫలకం మీద వరుసగా ఫొటోలు తీశారు. మనిషి మాయమై, గీతల నడక మాత్రం మిగిలింది. ఇప్పటి సినిమాల్లో, వీడియో గేముల్లో వాడే మోషన్ క్యాప్చర్‌కు మూలం అదే.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో శరీర నిర్మాణ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ బ్రౌన్, గణితజ్ఞుడు ఓటో ఫిషర్ ఆ పనిని మూడు కొలతల్లోకి తీసుకెళ్లారు. 1891లో ఒక రాత్రి చీకట్లో, వెలిగే గాజు గొట్టాలను ఒంటికి కట్టిన మనిషిని నడిపించి, నాలుగు కెమెరాలతో నమోదు చేశారు. గొట్టాలు కట్టడానికి గంటల తరబడి పట్టింది, నడక నమోదు కొద్ది నిమిషాల్లో అయిపోయింది. ఆ కొలతలను లెక్కలుగా మార్చి ప్రచురించడం మాత్రం 1895 నుంచి 1904 దాకా సాగింది. బ్రౌన్ 1892లోనే చనిపోగా ఫిషర్ ఒక్కరే దాన్ని పూర్తిచేశారు. గాల్లో ఊగే కాలు కేవలం లోలకంలా ఊగదని, కండరాలు దాన్ని నడిపిస్తాయని ఆ లెక్కలు తేల్చాయి.

మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టెయిన్ 1920లలో కార్మికుల సుత్తి దెబ్బలను ఫొటోల్లో బంధించారు. పనితనం ఉన్న కార్మికుడు ఒకే చోట వందసార్లు కొట్టినా, భుజం, మోచెయ్యి, మణికట్టు ఏ రెండు దెబ్బల్లోనూ ఒకే దారిలో కదలవని, సుత్తి తల మాత్రం చేరాల్సిన చోటికే చేరుతుందని గమనించారు. మెదడు కండరాలకు ఒకే ఆజ్ఞను మళ్లీ మళ్లీ పంపడం లేదు, ప్రతిసారీ కొత్తగా లెక్క చేస్తోంది. పక్షవాతం తర్వాత చేతిని ఎలా సాధన చేయించాలన్న చర్చలో ఈ పరిశీలన ఇప్పటికీ ముందు వరసలో ఉంటుంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అమెరికాకు వేలమంది సైనికులు కాళ్లు, చేతులు పోగొట్టుకుని తిరిగివచ్చారు. వారికి దొరికే కృత్రిమ కాళ్లు పాతకాలపువి. 1945లో ప్రభుత్వం పూనుకుని పరిశోధనకు డబ్బు కేటాయించింది. కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆ పనికి నాయకత్వం వహించినవారిలో హోవర్డ్ ఎబర్‌హార్ట్ ఒకరు. ఆయన సివిల్ ఇంజనీరు. విమానాలు దిగే రన్‌వేల బలాన్ని పరీక్షిస్తుండగా జరిగిన ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నారు. ఆయనతో కలిసి పనిచేసిన వర్న్ ఇన్మన్ ఎముకల శస్త్రవైద్యులు. చర్మం ఎముక మీద జారుతుంది కాబట్టి పైనుంచి తీసిన కొలత నమ్మదగినది కాదని, స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి ఎముకల్లోకే సన్నని మేకులు దించి నడక కొలిచారు. నడిచేటప్పుడు తుంటి, తొడ, కాలు ఎముకలు నిలువు అక్షం చుట్టూ ఎంత తిరుగుతాయో అప్పుడే తెలిసింది.

ఆ బృందం 1953లో ప్రచురించిన సిద్ధాంతం ప్రకారం నడకలోని మెలకువలన్నీ ఒంటి గురుత్వ కేంద్రం పైకీ కిందికీ ఊగకుండా చూడటానికే. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దాన్నే బోధించాయి. తర్వాత కొందరు పరిశోధకులు మనుషులను కావాలనే ఊపు తగ్గించి నడవమని కోరి శక్తి వ్యయం కొలిచారు. అది తగ్గకపోగా పెరిగింది. ఆనిన కాలు మీద శరీరం తలకిందులైన లోలకంలా లేచి దిగడమే చవక అని, ఒక అడుగు నుంచి మరో అడుగుకు మారేటప్పుడే ఎక్కువ ఖర్చవుతుందని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు.

నడక ప్రయోగశాల

నేటి నడక ప్రయోగశాలలో గోడల చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు, నేలలో ఇమిడిన బల ఫలకాలు, కండరాల మీద అతికించే ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కీళ్ల దగ్గర అంటించిన మెరిసే చిన్న గోళీలను కెమెరాలు వెంబడిస్తాయి. పాదం కింద బలం ఎంతో, కాలి ఎముకలు ఏ వేగంతో కదులుతున్నాయో తెలిస్తే, న్యూటన్ సూత్రాలతో పాదం నుంచి పైకి ఒక్కొక్క కీలు దగ్గర కండరాలు ఎంత తిప్పుడు బలం వేశాయో లెక్కించవచ్చు. లాస్ ఏంజెలెస్ దగ్గరి రాంచో లాస్ అమిగోస్ ఆసుపత్రిలో డాక్టర్ జాక్వెలిన్ పెర్రీ పోలియో, పక్షవాతం రోగులను ఇలా పరిశీలించి, నడక లోపాలను చదివే పద్ధతిని వైద్యులకు నేర్పారు.

ఈ కొలతలు శస్త్రచికిత్స నిర్ణయాలనే మార్చాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు కొందరు మోకాళ్లు వంచి కుంగినట్టు నడుస్తారు. తొడ వెనుక కండరాలు పొట్టిగా ఉండటమే కారణమని భావించి వాటిని శస్త్రచికిత్సతో పొడిగించేవారు. కంప్యూటర్ నమూనాల్లో ఆ కండరాల పొడవు లెక్కించి చూస్తే చాలామంది పిల్లల్లో అవి పొట్టిగా లేవు. అలాంటి బిడ్డకు వాటిని పొడిగిస్తే మేలు కంటే కీడే జరగవచ్చు. ఈ తరహా నమూనాలకు స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ డెల్ప్ బృందం 2007లో ఓపెన్‌సిమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. అదే బృందం నుంచి వచ్చిన ఓపెన్‌క్యాప్ రెండు స్మార్ట్‌ఫోన్ల వీడియోలతో కదలికలను లెక్కిస్తుంది. ఖరీదైన ప్రయోగశాల లేని ఆసుపత్రికి కూడా నడకను కొలిచే దారి దీనితో దొరికింది.

కృత్రిమ కాలు

కృత్రిమ కాలిలో అందరి కంటికీ కనిపించేది పాదం. వాడేవారికి ముఖ్యమైనది సాకెట్, అంటే మిగిలిన కాలు దూరే గిన్నె. అది బిగుతైతే పుండు పడుతుంది, వదులైతే కాలు ఊగుతుంది. బర్కిలీలో 1950ల చివర రూపుదిద్దుకున్న సాకెట్ బరువును మొండి చివర మీద వెయ్యకుండా మోకాటిచిప్ప కిందనున్న గట్టి భాగం మీదికి మళ్లించింది. అక్కడే తయారైన శాచ్ పాదంలో కదిలే కీలు లేదు. మడమ దగ్గర మెత్తని నురుగు దిమ్మె అడుగు పడినప్పుడు నొక్కుకుని చీలమండ పనిని అనుకరించేది. తేలిక, చవక, మరమ్మతు తక్కువ. ప్రపంచమంతా దాన్ని వాడింది.

కానీ అది బూటు తొడుక్కుని కుర్చీలో కూర్చునే జీవితానికి చేసిన పాదం. మన దేశంలో దాన్ని పెట్టుకున్న మనిషి నేల మీద మఠం వేసుకుని కూర్చోలేడు, గొంతుక్కూర్చోలేడు, చెప్పుల్లేకుండా పొలంలోకి దిగలేడు. జైపూర్‌లోని సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ఎముకల వైద్యుడు డాక్టర్ పి.కె. సేథీ, శిల్పి రామచంద్ర శర్మ కలిసి 1968లో దీనికి జవాబు కనిపెట్టారు. మాస్టర్జీగా పేరుపడ్డ శర్మ పెద్ద చదువులు చదివినవారు కారు, చేతిపని తెలిసిన మనిషి. రబ్బరు, చెక్క, టైరు దారాలను అచ్చులో పెట్టి ఉడికించి, చూడటానికి అసలు పాదంలా ఉండి అన్ని వైపులకూ వంగే పాదం చేశారు. నీళ్లలో తడిసినా, బురదలో దిగినా పాడుకాదు. 1975లో డి.ఆర్. మెహతా స్థాపించిన భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి దాన్ని ఉచితంగా అమర్చుతూ దేశ విదేశాలకు తీసుకెళ్లింది. సేథీకి 1981లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది.

తెలుగువారికి జైపూర్ కాలు వెండితెర మీద పరిచయమైంది. 1981లో తిరుచిరాపల్లి దగ్గర బస్సు ప్రమాదం తర్వాత కాలు కోల్పోయిన నర్తకి సుధా చంద్రన్, జైపూర్ కాలుతో సాధన చేసి తిరిగి వేదికనెక్కారు. ఆమె కథతోనే సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో, రామోజీరావు నిర్మాణంలో ‘మయూరి’ వచ్చింది. కథానాయికగా ఆమే నటించారు.

పాశ్చాత్య దేశాల్లో పరిశోధన వేరే దారిలో సాగింది. 1976లో ప్రమాదంలో పాదం పోగొట్టుకున్న వాన్ ఫిలిప్స్, కార్బన్ ఫైబర్‌ను స్ప్రింగులా వంచి, బరువు పడినప్పుడు శక్తిని దాచుకుని అడుగు లేచేటప్పుడు తిరిగిచ్చే ఫ్లెక్స్ ఫుట్ తయారుచేశారు. పారాలింపిక్ పరుగు పందేల్లో కనిపించే వంపు తిరిగిన పాదాలు దాని వారసులే. 1997లో జర్మనీకి చెందిన ఒటోబాక్ సంస్థ సీ-లెగ్ అనే మోకాలును తెచ్చింది. లోపలి మైక్రోప్రాసెసర్ కాలి కోణాన్నీ బరువునూ సెకనులో అనేకసార్లు చూసి, మోకాలు ఎంత బిగుతుగా ఉండాలో హైడ్రాలిక్ ద్రవంతో సర్దుతుంది. మెట్లు దిగేటప్పుడు మోకాలు అకస్మాత్తుగా మడుచుకుపోతుందన్న భయం దానితో చాలావరకు తగ్గింది.

మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ఆచార్యుడు హ్యూ హెర్ 1982లో పర్వతారోహణలో మంచు తుపానులో చిక్కుకుని, గడ్డకట్టిన రెండు కాళ్లనూ మోకాళ్ల కింద తొలగించుకోవాల్సి వచ్చింది. ఆయన బృందం మోటారు ఉన్న చీలమండను తయారుచేసి, పిక్క కండరం చేసే తోపును యంత్రంతో అందించింది. తర్వాత వారు శస్త్రచికిత్స తీరునే ప్రశ్నించారు. కాలు తీసేటప్పుడు ఎదురెదురు కండరాల జంటను మళ్లీ కలిపి కుడితే, ఒకటి బిగిసినప్పుడు రెండోది సాగుతుంది, కాలు ఎక్కడుందో మెదడుకు కబురు అందుతుంది. 2024లో ప్రచురించిన అధ్యయనంలో ఆ శస్త్రచికిత్స జరిగిన 7 మంది, మామూలు శస్త్రచికిత్స జరిగిన 7 మంది ఒకే తరహా కాలుతో నడిచారు. మొదటి జట్టు గరిష్ఠ వేగం 41 శాతం ఎక్కువ.

ఐఐటీ మద్రాసులో సుజాతా శ్రీనివాసన్ నాయకత్వంలోని పునరావాస పరిశోధనా కేంద్రం 2022లో ‘కదం’ అనే కృత్రిమ మోకాలును విడుదల చేసింది. ఇందులో మోటారు లేదు, నాలుగు కడ్డీల అమరిక ఉంది. నిలబడ్డప్పుడు తిరుగుడు బిందువు వెనక్కీ పైకీ జరిగి మోకాలు స్థిరంగా ఉంటుంది, అడుగు వేసేటప్పుడు తేలిగ్గా మడుచుకుంటుంది. మోకాలు 160 డిగ్రీల దాకా వంగుతుంది. ఇరుకైన బస్సు సీట్లో, ఆటోలో కూర్చోవడానికి కావలసింది అదే.

మూడు కిలోల నుంచి 300 గ్రాములకు

సహజ వైరస్ వల్ల వచ్చే పోలియో మన దేశంలో చివరిసారిగా 2011 జనవరిలో నమోదైంది. అంతకు ముందు తరాల పిల్లలు ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటూ బడికి వెళ్లిన దృశ్యం తెలుగు పల్లెల్లో పెద్దలకు ఇంకా గుర్తే. హైదరాబాద్‌లో అగ్ని క్షిపణి మీద పనిచేస్తున్న కాలంలో ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రయోగశాలకు నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థ నుంచి ఒక ఎముకల వైద్యుడు వచ్చి, క్షిపణి కోసం చేసిన తేలికపాటి పదార్థాన్ని చేత్తో ఎత్తి చూశారు. కలాంను తన ఆసుపత్రికి తీసుకెళ్లి, మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లతో నడుస్తున్న పిల్లలను చూపించారు. కొద్ది వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. పిల్లలు వాటితో పరుగులు తీయడం, తల్లిదండ్రులు కన్నీళ్లు పెట్టుకోవడం తన జీవితంలో గొప్ప ఆనందమని కలాం ఎన్నో సభల్లో చెప్పారు.

ఆ సాధనం పేరు ఫ్లోర్ రియాక్షన్ ఆర్థోసిస్. పేరులోనే దాని పని ఉంది. చీలమండ వంగకుండా గట్టి తొడుగు పట్టుకుంటుంది, మోకాలి కింద ముందువైపు ఒక చిప్ప ఆని ఉంటుంది. శరీరం ముందుకు సాగేకొద్దీ ఒత్తిడి మునివేళ్ల వైపు జరుగుతుంది, నేల ప్రతిచర్యా బలం మోకాలి ముందు నుంచి పోతుంది. ఆ బలం మోకాలి కింది కాలును వెనక్కి నెట్టి మోకాలును నిటారుగా నిలుపుతుంది. బలహీనపడ్డ తొడ కండరం చేయలేని పనిని నేల చేసిపెడుతుంది. ఇనుప కడ్డీలు, తాళాలతో కాలంతా బిగించే పాత కాలిపర్‌కూ దీనికీ తేడా బరువొక్కటే కాదు, బలాల లెక్క కూడా.

పక్షవాతం తర్వాత

పక్షవాతంలో కండరాలు బాగానే ఉంటాయి, వాటిని నడిపే మెదడు భాగం దెబ్బతింటుంది. మిగిలిన మెదడు సాధనతో కొత్త దారులు వేసుకోగలదు. అందుకు చాలాసార్లు, అర్థవంతంగా, మనసు పెట్టి చేసే కదలికలు కావాలి. గంటల తరబడి చెయ్యి పట్టుకుని కదిలించే ఓపిక యంత్రానికి ఉంటుందన్న ఆలోచనతో నెవిల్ హోగన్, హెర్మానో ఈగో క్రెబ్స్ 1990లలో ఎంఐటీ-మానస్ రోబోను ఆసుపత్రికి తీసుకెళ్లారు. రోగి చెయ్యి కదల్చలేకపోతే అది మెల్లగా నడిపిస్తుంది, కదిలిస్తే పక్కకు తప్పుకుంటుంది. స్విట్జర్లాండ్‌లో తయారైన లోకోమాట్ ట్రెడ్‌మిల్ మీద రోగిని వేలాడదీసి కాళ్లను నడిపిస్తుంది.

పెద్ద పరీక్షలు ఆశలకు హద్దులు గీశాయి. 2010లో 127 మంది అమెరికన్ మాజీ సైనికులతో జరిగిన పరీక్షలో, 12 వారాల తర్వాత రోబో చికిత్స మామూలు చికిత్స కంటే గణనీయంగా మెరుగని తేలలేదు. 36 వారాల తర్వాత కొంత మేలు కనిపించింది, కానీ అంతే శ్రమతో ఫిజియోథెరపిస్టు చేయించిన చికిత్స కంటే ఎక్కువ కాదు. 2011లో 408 మందితో జరిగిన మరో పరీక్షలో, ట్రెడ్‌మిల్ మీద వేలాడదీసి నడిపించినవారూ, ఇంటి దగ్గర ఫిజియోథెరపిస్టు సాయంతో వ్యాయామం చేసినవారూ దాదాపు సమానంగా కోలుకున్నారు. 2019లో బ్రిటన్‌లో 770 మందితో ముగిసిన పరీక్ష కూడా చేతి రోబో వల్ల రోజువారీ పనుల్లో అదనపు మేలు చూపలేదు.

వీటి నుంచి పరిశోధకులు నేర్చుకున్నది విలువైనది. యంత్రం ఎంత బాగా కదిలించిందన్నది కాదు, రోగి ఎంత ప్రయత్నించారన్నది, నేర్చిన కదలిక అన్నం ముద్ద కలపడానికి, చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఉపయోగపడిందా అన్నది లెక్క. ఫిజియోథెరపిస్టులు తక్కువగా ఉన్న చోట చవకైన, చిన్న రోబోకు చోటుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల, ఐఐటీ మద్రాసు కలిసి చేసిన ప్లూటో అనే బల్ల మీద పెట్టుకునే రోబో ఆ దారిలోది. ఒకే మోటారుకు పిడులు మార్చి, మణికట్టుకూ వేళ్లకూ విడివిడిగా సాధన చేయించవచ్చు.

తొడుక్కునే యంత్రాలు, వెన్నుపాము వంతెన

ఇజ్రాయెల్ ఇంజనీరు అమిత్ గోఫర్ 1997లో ప్రమాదంలో చేతులూ కాళ్లూ చచ్చుబడ్డాక, నడుము కింద చచ్చుబడ్డవారిని నిలబెట్టి నడిపించే రీవాక్ ఎక్సోస్కెలిటన్‌ను తయారుచేశారు. 2014లో అమెరికా ప్రభుత్వం ఇంట్లో వాడకానికి అనుమతించింది. చంకకర్రలు పట్టుకునే చేతి బలం కావాలి కాబట్టి, దాన్ని కనిపెట్టిన గోఫర్ తాను వాడలేకపోయారు. కదలలేనివారి కోసం సాధనం చేసేటప్పుడు ఏ కండరం మిగిలి ఉందో చూడటం ఎంత ముఖ్యమో ఈ ఉదాహరణ చెబుతుంది. ఆయన తర్వాత తనలాంటివారి కోసం నిలబడి కదిలే వేరే సాధనం రూపొందించారు.

ఆరోగ్యవంతుల నడకను సులువు చేయడం అంతకంటే కష్టమైంది. ఒంటి మీద బరువు పెంచితే ఖర్చు పెరుగుతుంది. 2015లో స్టీవ్ కాలిన్స్, గ్రెగ్ సావికీ బృందం మోటారు గానీ బ్యాటరీ గానీ లేకుండా, ఒక స్ప్రింగు, ఒక క్లచ్ ఉన్న తొడుగును చీలమండకు కట్టి, నడక శక్తి ఖర్చును సుమారు 7 శాతం తగ్గించింది. 2022లో కాలిన్స్ స్టాన్‌ఫర్డ్ బృందం మోటారు బూటును బయట రోడ్డు మీద పరీక్షించింది. మనిషి నడుస్తుండగానే అతని తీరు నేర్చుకుని సాయం సర్దుకునే ఆ బూటుతో వేగం 9 శాతం పెరిగింది, దూరానికి ఖర్చయ్యే శక్తి 17 శాతం తగ్గింది.

వెన్నుపాము తెగినా కింది భాగంలో నడక లయను నడిపే నాడీ జాలం బతికే ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో గ్రెగ్వార్ కూర్టీన్, శస్త్రవైద్యురాలు జోస్లిన్ బ్లోక్ బృందం 2023లో ఒక వ్యక్తి మెదడు మీద ఉంచిన గ్రాహకాల సంకేతాలను వెన్నుపాము మీది ఎలక్ట్రోడ్లకు నేరుగా అందించింది. సైకిలు ప్రమాదంలో గాయపడి పన్నెండేళ్లైన ఆయన, నడవాలనుకోగానే నడవగలిగారు, మెట్లెక్కారు. సాధన తర్వాత యంత్రం ఆపినా చంకకర్రలతో కొద్దిదూరం నడవగలిగారు.

చక్రాల మీద చలనం

కృత్రిమ కాలు పెట్టుకోలేనివారికి, వెన్నుపాము గాయాలున్నవారికి చక్రాల కుర్చీయే కాళ్లు. 1918లో గని ప్రమాదంలో గాయపడ్డ హెర్బర్ట్ ఎవరెస్ట్, మెకానికల్ ఇంజనీరు హారీ జెన్నింగ్స్ 1933లో కత్తెరలా మడిచే చట్రంతో కుర్చీ చేశారు. అది కారులో పట్టింది. ఆసుపత్రి వరండా నుంచి చక్రాల కుర్చీ రోడ్డెక్కింది అప్పుడే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కెనడాలో జార్జి క్లైన్ విద్యుత్ కుర్చీని రూపొందించారు.

పిట్స్‌బర్గ్‌లో రోరీ కూపర్ చక్రాల కుర్చీనే పరిశోధనా వస్తువుగా తీసుకున్నారు. ఆయన కూడా చక్రాల కుర్చీ వాడే మనిషే, 1988 సియోల్ పారాలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచారు. బలం కొలిచే పట్టు కడ్డీలున్న చక్రాలతో ఆయన బృందం కొలిచి చూస్తే, రోజుకు వేలసార్లు తోసే చేతులకు భుజం, మణికట్టు నొప్పులు ఎందుకు వస్తాయో తెలిసింది. వెనుక ఇరుసును కొద్దిగా ముందుకు జరిపి, పొట్టిగా పలుమార్లు కాకుండా పొడవుగా, మెల్లగా తోస్తే భుజాలు ఎక్కువ కాలం నిలుస్తాయి. ఈ సలహా 2005లో వైద్య మార్గదర్శకాల్లోకి ఎక్కింది.

సిమెంటు రోడ్లు లేని చోట సమస్య వేరు. ఎంఐటీలో ఏమస్ వింటర్ చేసిన లివర్ కుర్చీలో రెండు పొడవాటి పిడులను ముందుకు వెనక్కి తోయాలి. పిడి పైభాగాన పట్టుకుంటే గుంతలు దాటే బలం వస్తుంది, కిందిభాగాన పట్టుకుంటే వేగం వస్తుంది. గేర్లు మార్చే పని చెయ్యే చేస్తుంది, విడిభాగాలు సైకిలువి. తూర్పు ఆఫ్రికాలో, గ్వాటెమాలాలో, మన దేశంలో వాడేవారి మాట విని దాన్ని మార్చుతూ వచ్చారు.

ఐఐటీ మద్రాసు నుంచి వచ్చిన అరైజ్ 2019లో విడుదలైంది. మోటారు లేకుండా కూర్చున్న మనిషి తానే లేచి నిలబడగల కుర్చీ అది. రోజంతా కూర్చోవడంతో వచ్చే పుండ్లు, ఎముకల బలహీనత నివారించడానికి నిలబడటం మందులాంటిది. అదే ప్రాంగణంలో పుట్టిన నియోమోషన్ సంస్థ ఒక్కొక్కరి ఒంటి కొలతకు తగ్గట్టు నియోఫ్లై కుర్చీ చేస్తోంది. దానికి ముందు నియోబోల్ట్ అనే మోటారు చక్రం తగిలిస్తే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో రోడ్డు మీద వెళ్లే బండి అవుతుంది.

సాధనం చేరేదాకా

ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2022 నివేదిక ప్రకారం 250 కోట్ల మందికి పైగా ఏదో ఒక సహాయక సాధనం కావాలి, దాదాపు 100 కోట్ల మందికి అది అందడం లేదు. మన దేశంలో 2011 జనాభా లెక్కల్లో 2.68 కోట్ల మంది వైకల్యం ఉన్నవారిగా నమోదయ్యారు, వారిలో కదలికకు సంబంధించిన వైకల్యం ఉన్నవారు 54 లక్షలు. వైకల్యం ఉన్నవారి హక్కుల 2016 చట్టం వైకల్యాల జాబితాను 21కి పెంచింది. కాన్పూర్‌లో 1972లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో మూడు చక్రాల బండ్లు, కాలిపర్లు, చంకకర్రలు తయారుచేసి పంపిణీ శిబిరాలకు అందిస్తోంది.

శిబిరంలో ఒకే కొలత కుర్చీ అందరికీ ఇస్తే పని పూర్తికాదు. నడుము వెడల్పుకు మించిన కుర్చీలో వెన్ను వంగుతుంది, చక్రం అందక భుజం నొప్పి పెడుతుంది, గట్టి సీటు మీద పుండు లేస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఒంటి కొలత తీయడం, అమర్చడం, వాడటం నేర్పడం, తర్వాత మరమ్మతు చూడటం అన్నింటినీ కుర్చీలో భాగంగానే లెక్కిస్తాయి. పునరావాస ఇంజనీర్లు ఇప్పుడు కుర్చీలకు, బూట్లకు, కృత్రిమ కాళ్లకు చిన్న సెన్సర్లు అమర్చి, రోజుకు ఎన్ని గంటలు వాడారు, ఎంత దూరం వెళ్లారు, ఎప్పుడు మూల పడేశారు అన్నది నమోదు చేస్తున్నారు.

మోటారు సైకిలు ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీ వాడుతున్న అమెరికన్ ఇంజనీరు రాల్ఫ్ హాచ్‌కిస్ 1980లో నికరాగ్వా వెళ్లినప్పుడు, ఒకే కుర్చీని పంచుకుంటున్న నలుగురు యువకులను కలిశారు. అది విరిగిన ప్రతిసారీ వాళ్లే అతికించి, మార్చి, మళ్లీ రోడ్డెక్కించారు. వాళ్ల మరమ్మతుల్లో తాను ఎన్నడూ ఆలోచించని మెరుగులు ఆయనకు కనిపించాయి. వాళ్లతో కలిసి అక్కడే కుర్చీలు తయారుచేయడం మొదలుపెట్టారు. ఊరి వెల్డింగ్ షాపులో, దొరికే గొట్టాలతో, సైకిలు విడిభాగాలతో బాగుచేసుకోగల ఆ కుర్చీల నమూనాలను ఎవరైనా కాపీ చేసుకోవచ్చని వదిలేశారు. అనేక దేశాల్లో చిన్న కార్ఖానాలు వాటిని తమ నేలకు తగ్గట్టు మార్చుకుని ఇప్పటికీ తయారుచేస్తున్నాయి.